రాజు మారితే కుర్చీ మారలేదు: 18వ శతాబ్దపు ఫ్రాన్సులో ఫ్యాషన్, ఫర్నిచర్

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. ఫర్నిచర్ శైలులకు లూయీ 14, లూయీ 15, లూయీ 16 అని పేర్లున్నాయి కాబట్టి ఫ్యాషన్‌ను రాజులే నడిపారా? బట్టల ఫ్యాషన్‌కూ బల్లలకూ కుర్చీలకూ నిజంగా సంబంధం ఉందా? ఆ విలాసాల్లో ఏమైనా మామూలు జనం ఇళ్లకు చేరిందా?

సూటిగా చెబుతాను. రాజులు నడపలేదు. నడిపింది పారిస్ వర్తకులు, వాళ్ల దుకాణాల్లో డబ్బు కుమ్మరించిన సంపన్నులు. బట్టలకూ ఫర్నిచర్‌కూ సంబంధం ఉంది, మీరు ఊహించినదానికంటే ఎక్కువగానే ఉంది. అయితే ఫ్యాషన్ ఎక్కువగా మార్చింది చెక్కను కాదు, చెక్క మీది బట్టను, రంగును, పూతను, కంచు అలంకారాలను. ఇక మూడోదానికి జవాబు అవును. పెద్ద బీరువాలు, బంగారు పూత బల్లలు కిందికి దిగలేదు. సొరుగుల పెట్టె, కాఫీ గిన్నె, గొడుగు, జేబు గడియారం దిగాయి.

నేను పారిస్‌లో పాత ఫర్నిచర్ బాగుచేసే పని నేర్చుకుని, చాలా ఏళ్లుగా అదే పనిలో ఉన్నాను. చరిత్ర పుస్తకాలకంటే మేకుల రంధ్రాలు ఎక్కువ చదివినవాడిని కాబట్టి ఈ జవాబు కాస్త వడ్రంగం వాసన వేస్తుంది.

ముందు రాజుల పేర్ల సంగతి. ఈ పేర్లు తర్వాతి కాలపు వ్యాపారులకూ సేకర్తలకూ సౌకర్యంగా ఉన్న చీటీలు మాత్రమే. లూయీ 16 సింహాసనం ఎక్కింది 1774లో. ఆయన పేరుతో పిలిచే శైలిని, అంటే నిటారు కాళ్లు, గ్రీకు అంచులు, పూలదండల కంచు పనిని, లలీవ్ ద జ్యూలీ అనే సంపన్న సేకర్త తన గదికి 1750లలోనే చేయించుకున్నాడు. ఆ గది రాతబల్ల ఇప్పుడు ఫ్రాన్సులోని శాంతియీ కోటలో ఉంది. అది తయారయ్యే నాటికి కాబోయే రాజు ఉయ్యాల వయసు దాటలేదు. 1763లో గ్రిమ్ అనే విమర్శకుడు పారిస్‌లో అంతా గ్రీకు మయం అయిపోయిందని రాశాడు. భవనాలు, నగలు, గుడ్డలు, ఆడవాళ్ల జడలు అన్నీ గ్రీకు పద్ధతిలోనేనట. చేతిలో గ్రీకు తరహా పొడుం డబ్బీ లేకపోతే షోకిలా రాయుళ్లు పరువు పోయినట్టు బాధపడేవారట. జడ, డబ్బీ, బల్ల ఒకే గాలికి ఒకేసారి ఊగాయన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. ఇటలీలో పూడిపోయిన ప్రాచీన నగరాలు హెర్క్యులేనియం, పాంపేలలో తవ్వకాలు వరుసగా 1738లో, 1748లో మొదలయ్యాయి. ప్రాచీన కాలం మీద మోజు అప్పటికే ఉంది, దాన్ని సరుకుగా మలిచింది పారిస్.

ఇక కుర్చీల దగ్గరికి వద్దాం. నా పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పేది కుర్చీ చట్రమే. బట్ట, గుర్రపు వెంట్రుకల మెత్త విప్పేస్తే కింద బీచ్ చెక్క మీద చిన్న చిన్న మేకుల రంధ్రాలు వరుసలు వరుసలుగా కనిపిస్తాయి. ఒక్కో బిగింపుకు ఒక్కో వరుస. కొన్ని చట్రాల అంచులు జల్లెడలా తూట్లు పడి, కొత్త మేకును పట్టుకునే శక్తి కూడా లేకుండా ఉంటాయి. అంటే కుర్చీ అదే ఉంది, దాని ఒంటిమీది బట్ట మారుతూ వచ్చింది. రంగు కూడా అంతే. ఒకసారి తెల్లగా, అమాయకంగా కనిపించే కుర్చీ కాలు మీద పూతను పొరలు పొరలుగా గీకి చూశాం. తెలుపు కింద బూడిద రంగు, దాని కింద లేత ఆకుపచ్చ, అన్నిటికీ అడుగున బంగారు రేకు బయటపడ్డాయి. అభిరుచి మారినప్పుడల్లా యజమానులు కుర్చీని పారేయలేదు, రంగువాణ్ణి పిలిచారు.

దీనికి కారణం డబ్బే. ఆ కాలంలో కుర్చీ చెక్కకంటే దాని మీది పట్టు ఎన్నో రెట్లు ఖరీదు. మంచమైతే చెప్పనక్కర్లేదు. పందిరి, తెరలు, కుచ్చులు, జరీ అంచుల ముందు మంచపుకోళ్ల ధర లెక్కలోకే రాదు. లియోన్ పట్టు నేత కేంద్రాలు ఏటా కొత్త నమూనాలు దించేవి. నిరుటి నమూనా నిరుటిదని చూడగానే తెలిసిపోయేది. సంపన్నుల ఇళ్లలో వేసవికి ఒక జత, చలికాలానికి ఒక జత గుడ్డలుండేవి. కొన్ని కుర్చీల్లో వీపు, కూర్చునే భాగం విడి చట్రాలుగా చేసి, రుతువు మారగానే ఊడదీసి వేరేవి అమర్చేవారు. మేకు కొట్టే పనే లేదు. ఇంతకంటే స్పష్టంగా బట్టల పద్ధతిలో ఫర్నిచర్ నడిచిన ఉదాహరణ నాకు తెలియదు.

ఒంటిమీది దుస్తులు కుర్చీ ఆకారాన్నీ మార్చాయి. లంగా కింద వెడల్పాటి చట్రాలు పెట్టుకునే ఫ్యాషన్ వచ్చాక, 1720ల నుంచి చేతుల కుర్చీల ముందు కాళ్ల మీద నిలబడే చేతి స్తంభాలు వెనక్కి జరిగాయి. ఆ లంగాలతో కూర్చోవడానికి చోటు కావాలి మరి. దీన్ని ఏకైక కారణంగా చెప్పేవాళ్లను మాత్రం నమ్మకండి. తీరుబడిగా వాలి కూర్చోవాలన్న కోరిక కూడా అప్పుడే బలపడింది. తల దువ్వించుకుని పొడి చల్లించుకునేందుకు వాడే కుర్చీ చూడండి. వీపు పైపట్టీ మధ్యలో నొక్కు ఉంటుంది, మంగలి చేయి ఆడటానికి. పేకాట చూసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక కుర్చీ ఉండేది. మగవాళ్లు గుర్రం మీద కూర్చున్నట్టు దాని మీద వెనుదిరిగి కూర్చుని, వీపు పైనున్న మెత్త మీద మోచేతులు ఆనించేవారు. ఆడేవాడికి కాదు, పక్కన నిలబడి సలహాలిచ్చేవాడికి కుర్చీ! పనిలేనితనానికి ఇంత శ్రద్ధగా చెక్క కోసిన సమాజం చరిత్రలో అరుదు.

గోడకు ఆనించి ఉంచే, వీపు చదునుగా ఉండే కుర్చీలు గది అలంకారంలో భాగం. వాటిని కదపరు. వీపు వంపు తిరిగిన తేలిక కుర్చీలు గది మధ్యలోకి, మాటలు సాగే చోటికి లాక్కునేవి. లూయీ 14 కొలువులో ఎవరు ముక్కాలిపీట మీద కూర్చోవచ్చు, ఎవరు నిలబడాలి అన్నదే పెద్ద రాజకీయం. ఆయన పోయాక సంపన్నులు వెర్సాయ్ రాజభవనం నుంచి పారిస్‌కు తరలి చిన్న గదులు కట్టించుకున్నారు. చిన్న గదికి చిన్న సామాను కావాలి. పక్క సొరుగులో సిరాబుడ్డి దాచుకునే ఉత్తరాల బల్ల, కుట్టుపని బల్ల, తాళం పడే రహస్యపు అరలున్న రాతబల్ల, మంచం పక్కన బల్ల ఇలా ఒక్కో పనికి ఒక్కొక్కటి పుట్టుకొచ్చాయి.

ఇప్పుడు అసలు సూత్రధారులు. వీళ్లను మర్షాన్ మెర్సియే అనేవారు, పారిస్‌లో ముఖ్యంగా సెంట్ ఒనొరే వీధి వర్తకులు. ఆనాటి ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వం వీళ్లను అన్నీ అమ్మేవారు, ఏదీ చేయనివారు అని ఎత్తిపొడిచింది. అది తిట్టే గానీ అందులో వాళ్ల బలమంతా ఉంది. వృత్తి సంఘాల నియమాల ప్రకారం గట్టి చెక్కతో కుర్చీ చేసేవాడు వేరు, పల్చని చెక్క రేకులు అతికించేవాడు వేరు, కంచు పోతపోసేవాడు వేరు, బంగారు పూత పూసేవాడు వేరు. ఒకరి పని ఇంకొకరు చేస్తే కేసు. షార్ల్ క్రెసాన్ అనే గొప్ప పనివాడు కంచు పోత కూడా తన కార్ఖానాలోనే చేయించి సంఘాలతో చిక్కుల్లో పడ్డాడు. ఈ గోడలన్నీ దాటగలిగేవాడు వర్తకుడొక్కడే. మన పెళ్లిళ్ల కాంట్రాక్టర్ తాను వంట చేయడు, పందిరి వేయడు, సన్నాయి ఊదడు, కానీ పెళ్లి ఎలా ఉండాలో అతనే తేలుస్తాడు. వీళ్లూ అంతే.

ఉదాహరణకు 1737లో తోమా జొయాకిమ్ ఎబేర్ అనే వర్తకుడు ఫోంతెన్‌బ్లో కోటలో రాణి గదికి ఒక సొరుగుల పెట్టె అందించాడు. దాని ముఖం జపాన్ లక్క పలక. జపాన్‌లో ఎవరూ అలాంటి పెట్టె చేయలేదు. అక్కడి లక్కపని సామాను కోసి, పలక వెనుక చెక్కను కాగితమంత పల్చగా చిత్రిక పట్టి, ఫ్రెంచి వంపుల మీద అతికించారు. చేసిన పనివాడు బెర్నార్ వాన్ రిజెన్‌బర్గ్. తన సరుకు మీద నాలుగక్షరాల ముద్ర మాత్రమే వేసేవాడు. వర్తకుల నీడలో ఎంతగా మరుగున పడ్డాడంటే ఆ ముద్ర ఎవరిదో 20వ శతాబ్దం మధ్యదాకా తేలలేదు. లక్క దొరకనివారికి మార్తిన్ సోదరుల అనుకరణ పూత ఉండేది. పల్లకీల మీద, బండ్ల మీద, పొడుం డబ్బీల మీద అదే నిగనిగ.

తర్వాతి తరంలో ప్వారియే, దగేర్ అనే వర్తకులు సెవ్ర్ కార్ఖానా పింగాణీ ఫలకాలను బల్లల్లో పొదిగించారు. కొన్నది మదామ్ దు బారీ వంటి రాజాంతఃపుర స్త్రీలు. చెక్కపని ఎక్కువగా మార్తిన్ కార్లిన్‌ది. మా వృత్తివాళ్లకు ఇవంటే ఒక సౌలభ్యం ఉంది. సెవ్ర్‌వారు 1753 నుంచి ఏటికొక అక్షరం గుర్తుగా రాసేవారు కాబట్టి ఫలకం ఊడదీస్తే వెనుక ఏడాది తెలుస్తుంది. బల్ల అంతకంటే పాతదని ఎవరైనా అంటే అక్కడితో వాదన ముగుస్తుంది.

ఫ్యాషన్ ఎలా పనిచేసిందో చెప్పమంటే అందరూ దిదెరో అనే రచయిత ఇంట్లో తొడుక్కునే కొత్త ఎర్ర గౌను కథ చెబుతారు. గౌను కొత్తదైతే గడ్డి కుర్చీ వెలవెలబోయింది, దాన్ని మారిస్తే బల్ల, తర్వాత గోడ అలా అన్నీ మార్చాల్సి వచ్చిందని 1769లో ఆయన వాపోయాడు. ముచ్చటైన కథే. నాకు మాత్రం లాజార్ దువో అనే వర్తకుడి పద్దుపుస్తకం ఎక్కువ నచ్చుతుంది. 1748 నుంచి 1758 దాకా ఏ రోజు ఎవరికి ఏం అమ్మాడో అందులో ఉంది. లూయీ 15 ప్రియురాలు మదామ్ ద పొంపదూర్ పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. పెద్ద కొనుగోళ్ల పక్కనే చైనా కూజాకు కంచు పట్టీ బిగించడం, దీపపు కమ్మీ శుభ్రం చేయడం, విరిగినది అతకడం వంటి చిల్లర పనులు కనిపిస్తాయి. ఆ చిల్లర పనులే ఖాతాదారును దుకాణానికి కట్టిపడేశాయని, అక్కడికి మరమ్మతుకు వచ్చినవారే కొత్తది చూసి మనసు పారేసుకున్నారని నా అనుభవం కొద్దీ అనుకుంటాను. మా దుకాణానికీ అలాగే వస్తారు.

మన తీరానికి ఉన్న సంబంధం. ఇది కల్పించి అతికించేది కాదు, ఈ కథలో నిజంగానే పెద్ద అధ్యాయం. ఫ్రెంచి కంపెనీ 1669లోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. కోరమాండల్ తీరపు అద్దకం, కలంకారీ బట్టలు ఫ్రాన్సులో ఎంత వెర్రిగా అమ్ముడయ్యాయంటే, పట్టు, ఉన్ని నేతవారి గోల భరించలేక 1686లో వాటి దిగుమతిని, అక్కడ అనుకరించడాన్నీ నిషేధించారు. ఆ నిషేధం 1759 దాకా, అంటే 73 ఏళ్లు సాగింది. దానివల్ల మోజు తగ్గలేదు. మన రంగు ఉతికినా పోయేది కాదు, ఐరోపా అద్దకాలు అప్పట్లో నీళ్లు తగిలితే కారిపోయేవి. దొంగ రవాణా జోరుగా నడిచింది. సాక్షాత్తూ పొంపదూర్ బెల్‌వ్యూ భవనంలోని గుడ్డలు నిషిద్ధ సరుకేనని ఆనాడే రాశారు. రాజు ప్రియురాలి కుర్చీ మీదే ఉన్న బట్టను చట్టం ఎలా ఆపుతుంది?

ఆ రంగుల గుట్టు తెలుసుకునేందుకు ఫ్రెంచివాళ్లు చాలా తంటాలు పడ్డారు. కోర్దూ అనే జెసూట్ పాదరీ తెలుగు నేర్చి తెలుగు, ఫ్రెంచి నిఘంటువు కూర్చినవాడు. ఈ తీరపు అద్దకపువారిని అడిగి, కరక్కాయ, గేదెపాలలో బట్ట నానబెట్టడం నుంచి, పటిక, చిరివేరుతో ఎరుపు తెప్పించడం, మైనం పూసి నీలి అద్దడం దాకా 1742లో స్వదేశానికి వివరంగా ఉత్తరం రాశాడు. నిషేధం ఎత్తేశాక 1760లో ఓబెర్‌కాంఫ్ అనే అతను పారిస్ దగ్గరి జూయీ గ్రామంలో అద్దకం కార్ఖానా పెట్టాడు. అదే బట్ట గౌనుకూ, అదే బట్ట మంచపు తెరకూ, అదే కుర్చీకీ వాడారు. దుస్తుల ఫ్యాషన్, ఇంటి ఫ్యాషన్ ఒకే థానులోంచి కత్తిరించిన కాలమది. 1785లో మొదలైన ఫ్యాషన్ పత్రిక కాబినే దె మోద్ గౌనులు, టోపీలతోపాటు ఫర్నిచర్, బండ్ల నమూనాలు కూడా అచ్చువేసింది.

మామూలు ఇళ్ల సంగతి. ఇక్కడ మనిషి చనిపోయాక నోటరీలు రాసిన ఇంటి సామాను జాబితాలే ఆధారం. శతాబ్దం మొదట్లో పారిస్ కూలి ఇంట్లో ఉండేది మూతపెట్టె. అడుగున ఉన్న చొక్కా కావాలంటే పైవన్నీ తీయాలి. సొరుగుల పెట్టె 1700 ప్రాంతంలో రాజభవనాల వింత. 1708లో బూల్ అనే పనివాడు చేసినవి వెర్సాయ్‌లోని త్రియానోన్ భవనానికి వెళ్లాయి. శతాబ్దం చివరికి చిన్న వర్తకుల, నేర్పరి పనివాళ్ల ఇళ్లలో అదే ఆకారం చవక చెక్కతో, కంచు లేకుండా కనిపిస్తుంది. బట్టలు ఎక్కువయ్యాయి కాబట్టి వాటిని వేరుచేసి పెట్టుకునే సొరుగులు కావాల్సివచ్చాయి. ఫ్యాషన్ ఫర్నిచర్‌ను మార్చిన దారుల్లో ఇదొకటి, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

చిన్న విలాసాలు ఇంకా వేగంగా పాకాయి. మడిచే గొడుగు 1710 ప్రాంతంలో పారిస్‌లో కొత్త వస్తువు. తర్వాత అది వీధి సరుకు. బంగారు పొడుం డబ్బీకి బదులు కాగితపు గుజ్జు డబ్బీ, బంగారంలా మెరిసే మిశ్రమలోహపు గొలుసు వచ్చాయి. 1700లో జేబు గడియారం ఉన్న ఇంటిపనివాడు అరుదు, 1780ల నాటికి మామూలు. పనివాళ్లకు దొరసానుల పాత గౌనులు దక్కేవి, అక్కడినుంచి పాతబట్టల అంగడికి వెళ్లేవి. ఫ్యాషన్ మెట్లు దిగింది ఎక్కువగా ఈ దారినే. వీధి మూలల్లో స్త్రీలు తగరపు పాత్ర వీపున మోసుకుని పాలు కలిపిన కాఫీని గిన్నె రెండు సూలకు (సూ అంటే చిల్లర నాణెం) అమ్మేవారు. ఇరవై సూలు ఒక లీవ్ర్, అది దాదాపు ఒక కూలీకి రోజు సంపాదన.

ఆ కాఫీ, దానిలోని చక్కెర, శతాబ్దం రెండో సగంలో ఫ్యాషనైన మహాగని చెక్క చాలావరకు కరీబియన్ వలసల నుంచి వచ్చాయి. 1789 నాటికి సెంట్ దొమింగ్ అనే ఒక్క వలసలోనే అయిదు లక్షల మంది దాకా బానిసలుండేవారు. నేను నునుపైన మహాగని బల్లకు మెరుగుపెట్టేటప్పుడు కొనుగోలుదారులు చెక్క అందం గురించే అడుగుతారు. అది ఎవరి చేతులు నరికిన చెట్టో అడిగినవారు చాలా తక్కువ. ఇక్కడి చేతులు కూడా సుఖంగా లేవు. కంచుకు బంగారు పూత పట్టాలంటే బంగారాన్ని పాదరసంలో కలిపి పూసి, వేడిచేసి పాదరసాన్ని ఆవిరిగా పంపాలి. ఆ ఆవిరి పీల్చినవారి చేతులు వణికేవి, ఆయుష్షు తరిగేది. కొవ్వొత్తి వెలుగులో గది మిలమిలలాడటానికి చెల్లించిన ధర అది.

మ్యూజియంలో చూసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు చెప్పాలి.

మీరు చూసే గోధుమరంగు అసలు రంగు కాదు. ఒక బల్ల సొరుగు అడ్డుపట్టీని విప్పినప్పుడు, వెలుతురు సోకని చోట పొదిగిన ఆకులు పచ్చగా, పూలు గులాబీ రంగులో ఉండటం చూశాను. బయట అదే పని తేనెరంగుకు దిగిపోయింది. అద్దిన రంగులు ఎండకు పోతాయి. ఆ శతాబ్దపు గదులు మనం అనుకునే పాతదనపు గంభీరతతో ఉండేవి కావు. కొత్తలో కొన్ని కళ్లు చెదిరేంత గాటుగా ఉండి ఉంటాయి.

పేరు ముద్ర ఉంటే అసలుదని నమ్మకండి. పారిస్ సంఘం 1743లో చేసుకున్న నియమం 1751లో అమలుకొచ్చాకనే ముద్ర తప్పనిసరి. రాజు కొలువులో పనిచేసేవారికి అది వర్తించదు. మరమ్మతు చేసినవాళ్లూ కొందరు తమ ముద్ర కొట్టారు. తర్వాతి కాలంలో దొంగముద్రలకు కొదవలేదు. మన దేశపు సంస్థానాల భవనాల్లోని ఫ్రెంచి కుర్చీల్లో ఎక్కువభాగం 19వ శతాబ్దపు పునఃసృష్టి. హైదరాబాద్ ఫలక్‌నుమా కట్టిందే 1884 తర్వాత. చట్రం లోపలివైపు చేతి ఉలి గుర్తులు ఉన్నాయా, యంత్రపు రంపం గీతలు ఉన్నాయా అన్నది మొదట చూడండి.

1789 ఫ్రెంచి విప్లవంతో ఇదంతా ఆగిందా అని మీకు అనిపించవచ్చు. ఆగలేదు, దిక్కు మారింది. గోడకాగితాల తయారీదారు రెవెయోన్ కార్ఖానా, ఇల్లు 1789 ఏప్రిల్‌లో కూలీల అల్లర్లలో ధ్వంసమయ్యాయి. అది సెంట్ ఆంత్వాన్ పేటలో జరిగింది. ఆ పేట నిండా చెక్కపనివాళ్లే, చాలామంది జర్మనీ ప్రాంతాల నుంచి వచ్చినవారు. 1793, 1794లలో వెర్సాయ్ సామాను 17,000కు పైగా లాట్లుగా వేలం వేశారు. లూయీ 15కు చేసిన రాతబల్లను ఓబెన్ అనే పనివాడు 1760లో మొదలుపెడితే రీజెనర్ అనే ఇంకో పనివాడు 1769లో ముగించాడు. దాని ఖర్చు 62,000 లీవ్ర్‌లకు పైమాటే, అంటే రెండు వందల ఏళ్ల కూలి. ఆ రీజెనరే వేలంలో తన చేతి సరుకు కొంత తక్కువ ధరకు తిరిగి కొన్నాడు, మళ్లీ లాభానికి అమ్ముకోవచ్చని. కొనేవాళ్లు దొరకలేదు. డబ్బున్నవారు దేశం వదిలారు, మిగిలినవారి అభిరుచి అప్పటికే వేరే దారి పట్టింది. ఆ సరుకులో మంచి భాగం ఇంగ్లండు చేరింది. అందుకే ఈ ఫర్నిచర్ చూడాలంటే పారిస్‌లో లూవ్ర్‌తోపాటు లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌కు కూడా వెళ్లమని చెబుతుంటాను. అక్కడ ప్రవేశం ఉచితం.